ఊఁ కొడితేనే కథ!

తెర మీద బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఉన్నవల్లా అక్షరాలే. వాటితోనే ఊళ్లు కట్టుకుని, వేషాలు వేసుకుని ఏళ్ల తరబడి ఆడుకుంటున్నవాళ్లు ఉన్నారు. ‘ఆటే కదా, ఏమవుతుంది’ అన్న మాట అక్కడ చెల్లదు. ఎందుకు చెల్లదో వాళ్లు గట్టి దెబ్బ తిని మరీ నేర్చుకున్నారు.

1993 మార్చి. ఒక సోమవారం రాత్రి. పెద్ద ఇంట్లో నడిమి హాలు. కొందరు చేరి కబుర్లు చెప్పుకుంటున్నారు. అంతలో విదూషకుడి వేషంలో ఒకడు వచ్చాడు. పేరు మిస్టర్ బంగిల్. వాడి దగ్గర ఓ బొమ్మ ఉంది. మన పల్లెల్లో చేతబడి కథల్లో వినపడే బొమ్మలాంటిదే. దాన్ని పట్టుకుని వాడు ఏమనుకుంటే, ఎదుటివాళ్లు ఆ పని చేసినట్టు హాల్లో అందరికీ కనిపిస్తుంది. ఆ రాత్రి వాడు ఆ బొమ్మతో ముందు ఒకరి మీద, తర్వాత ఇంకొకరి మీద లైంగిక దాడికి దిగాడు. వాళ్ల పేర్ల మీదే, వాళ్లే చేస్తున్నట్టుగా చెప్పరాని పనులు చేయించాడు. హాల్లోంచి గెంటేస్తే తన గదిలో దూరి, అక్కణ్నుంచే కొనసాగించాడు. జిప్పీ అనే పాతకాపు ఒకరు వచ్చి వాణ్ని బోనులో బంధించాక గానీ అది ఆగలేదు.

ఇంతా చేసి అక్కడ ఒంటికి ఒళ్లు తగల్లేదు. అసలు ఆ హాలే లేదు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఉన్న ఒక కంప్యూటర్లో రాసిపెట్టిన కొన్ని వాక్యాలే ఆ హాలు. బోను ఒక వాక్యం. బొమ్మ ఒక చిన్న ప్రోగ్రామ్. దాడి కూడా తెరమీద ఒక్కొక్కటే పైకి జరుగుతూ పోయిన వాక్యాల వరసే.

దాడికి గురైన పాత్రల్లో ఒకదాని పేరు లెగ్బా. ఆ పాత్రను ఆడుతున్నది సియాటెల్‌లో ఉండే ఓ యువతి. మర్నాడు ఆమె జరిగినదాని గురించి ఆ ఆటలోనే నలుగురూ చదివే చోట రాసింది. రాస్తున్నంతసేపూ కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయని కొన్ని నెలల తర్వాత జూలియన్ డిబెల్ అనే జర్నలిస్టుకు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ వారపత్రిక ‘విలేజ్ వాయిస్’లో ఆయన రాసిన కథనంతో ప్రపంచం ముందు ఒక ప్రశ్న నిలబడింది.

లేని హాల్లో, లేని మనిషికి ఏదో జరిగితే, ఉన్న మనిషి కళ్లలో నీళ్లెందుకు?

అక్షరాల ఊరు

ఈ ఆటల పుట్టిల్లు ఇంగ్లండ్. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, ఒకేసారి పలువురు కలిసి ఆడగలిగే ఆటను రాయడం మొదలుపెట్టాడు. పేరు మల్టీ యూజర్ డంజన్, ముద్దుగా ‘మడ్’. తను వెళ్లిపోతూ దాన్ని స్నేహితుడు రిచర్డ్ బార్టల్ చేతిలో పెట్టాడు. ‘మీరొక ఇరుకు దారిలో ఉన్నారు, తూర్పున అడవి’ అని తెర చెబుతుంది. ‘తూర్పుకు’ అని టైప్ చేస్తే అడవిలో ఉంటారు. అదే అడవిలో ఇంకో ఊళ్లోంచి ఇంకొకరు తిరుగుతుంటారు. దారిలో ఎదురుపడతారు.

మొదట్లో ఇవన్నీ రాక్షసుల్ని చంపి, నిధులు కొల్లగొట్టే ఆటలే. 1989లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్ప్‌నెస్ రాసిన ‘టైనీమడ్’ ఆ దారి మళ్లించింది. అందులో గెలుపోటముల గోల లేదు. ఎవరికి తోచిన గది వాళ్లు కట్టుకోవచ్చు, ఎవరికి నచ్చిన వేషం వాళ్లు వేసుకోవచ్చు. దాని అడుగుజాడల్లోనే ముష్, మక్, మూ అనే పిల్ల రకాలు పుట్టాయి. టోల్కీన్ మధ్యలోకం మీద ఒకటి, ఆన్ మెక్‌కాఫ్రీ డ్రాగన్ల లోకం మీద ఒకటి... ఇష్టమైన నవల ఉంటే చాలు, అందులోకే కాపురానికి పోవచ్చన్నమాట. జిరాక్స్ కేంద్రంలో పావెల్ కర్టిస్ నడిపిన ‘లాంబ్డా మూ’ వీటిలో పేరుమోసింది. తను ఉంటున్న ఇంటినే నమూనాగా తీసుకుని ఆయన దాన్ని కట్టాడు. కొత్తవాళ్లు ముందుగా కోట్లు తగిలించే చీకటి అలమరలో కళ్లు తెరుస్తారు. తలుపు తోసుకుని బయటికొస్తే అదే హాలు.

ఇలాంటి చోట మన రూపం మనం రాసుకున్నదే. మన నడక, నవ్వు, కోపం కూడా మనం టైప్ చేసినవే. కాబట్టి నా పేరు మీద ఇంకొకడు వాక్యం రాశాడంటే, నా చెయ్యి పట్టుకుని వాడు ఆడించినట్టే. బంగిల్ చేసిన నేరం అసలు స్వరూపం ఇది. బూతులు రాయడం ఒక ఎత్తు. వాటికి ఎదుటివాళ్లను కర్తలుగా పెట్టడం ఇంకో ఎత్తు.

రచ్చబండ

‘చూడకుండా ఉండొచ్చు కదా’ అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఒక మనిషి రాసే మాటలు మన తెరమీదికి రాకుండా ఆపేసే ఆదేశం లాంబ్డా మూలో ఉంది. కానీ ఆ ఆదేశం నా కళ్లకు మాత్రమే గంతలు కడుతుంది. హాల్లో మిగతావాళ్లందరికీ నా పాత్ర ఏం చేస్తున్నట్టు కనిపించాలని వాడు అనుకున్నాడో అదే కనిపిస్తుంది. వీధిలో ఒకరి పరువు తీస్తుంటే, చెవులు మూసుకో అని వాళ్లకే సలహా ఇవ్వడం లాంటిదిది.

దాడి జరిగిన మూడు రోజుల తర్వాత ఆ ఊరి జనం పంచాయితీ పెట్టారు. ముప్పయి మంది దాకా చేరారు. బంగిల్‌ను ఆటలోంచి శాశ్వతంగా తీసేయాలన్నారు కొందరు. రాతపూర్వకంగా నియమమే లేనప్పుడు శిక్ష ఎలా వేస్తామన్నారు ఇంకొందరు. మధ్యలో బంగిల్ కూడా వచ్చాడు. ఎవరెలా స్పందిస్తారో చూడ్డానికి చేశానన్నట్టు మాట్లాడాడు, ఇదేమీ నిజ జీవితం కాదుగా అన్నాడు. గంటలు గడిచినా ఏమీ తేలలేదు. అసలు ఆ ఊరికి పెద్దలైన ‘విజర్డు’లు, తగాదాల తీర్పు మా పని కాదని మూడు నెలల ముందే, 1992 డిసెంబరులో, కర్టిస్ మాటగా ప్రకటించి చేతులు దులుపుకొని ఉన్నారు. చివరికి జోఫీడ్‌బ్యాక్ అనే విజర్డు, సభ చెదిరాక, ఎవరినీ అడక్కుండా బంగిల్ ఖాతాను తుడిచేశాడు. ఇలా తుడిచేయడాన్ని ఆ లోకంలో ‘టోడింగ్’ అంటారు. శపించి కప్పను చేసే పాత మడ్‌ల ఆనవాయితీ నుంచి వచ్చిన పేరది.

వేరే ఊరు వెళ్లి తిరిగొచ్చిన కర్టిస్, ఇలా ఒక్కరి చేతిలో తీర్పు ఉండకూడదని అర్జీలు, ఓట్ల పద్ధతి తెచ్చాడు. కొన్నేళ్లకు అదీ బరువెక్కింది. 1996లో విజర్డులు మళ్లీ పెత్తనం చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఈలోపు డాక్టర్ జెస్ట్ అనే కొత్త పాత్ర ఊళ్లోకి దిగింది. చూసినవాళ్లకు ఆ తీరులో బంగిలే కనిపించాడు. పేరు మార్చుకుంటే కొత్త మనిషైపోయే చోట శిక్షకు ఉన్న బలం అంతంత మాత్రమే. కనుక దాడి జరిగాక ఏం చేయాలన్న ప్రశ్న కన్నా, జరగకుండా ఆట ఎలా ఆడాలన్న ప్రశ్నే పెద్దదైంది. దానికి జవాబులు ఇలాంటి అక్షరాల ఊళ్లలో ఆటగాళ్లు రాత్రుళ్లు ఆడుతూ ఆడుతూ కూడబెట్టుకున్నారు.

‘కొట్టాడు’ కాదు... ‘కొట్టబోయాడు’

ఆ జవాబుల్లో మొట్టమొదటిది వ్యాకరణానికి సంబంధించింది. మన భాషలో ఒక సత్రం ఊహించుకుందాం. రాత్రి. వీరయ్య కిరాయి సైనికుడు. మల్లి పాటగత్తె. వీరయ్యను ఆడేవాడు ఇలా రాశాడు:

‘వీరయ్య కత్తి దూసి మల్లి గొంతు మీద పెట్టాడు. ఆమె గజగజా వణుకుతూ మోకాళ్ల మీద కూలబడింది.’

కత్తి అతనిది, దూయడం అతని ఇష్టం. కానీ వణికింది ఎవరు? కూలబడింది ఎవరు? మల్లిని ఆడే మనిషి ఇంకా కీబోర్డు మీద వేలే పెట్టలేదు. ఆమె పాత్ర అప్పుడే భయపడిపోయింది, ఓడిపోయింది. ఆటగాళ్లు దీన్ని పవర్‌పోజింగ్ అంటారు, గాడ్‌మోడింగ్ అని కూడా అంటారు. మన వీధి భాషలో చెప్పాలంటే తొండి. ఇప్పుడు అదే ఘట్టం మర్యాద తెలిసినవాడి చేతిలో:

‘వీరయ్య కత్తి దూశాడు. మొన మల్లి గొంతుకేసి తిప్పి పొడవబోయాడు.’

అక్కడ ఆగాడు. కాసేపటికి అవతలి నుంచి వచ్చింది:

‘మల్లి వెనక్కి తగ్గలేదు. పక్కనున్న దీపపు సెమ్మె ఎత్తి అడ్డం పెట్టింది. నూనె ఒలికి వీరయ్య చెయ్యి చురుక్కుమంది.’

మల్లి కూడా హద్దు దాటకుండా ‘చురుక్కుమంది’తో ఆగింది. కత్తి వదిలేశాడని రాయలేదు. వదలాలో వద్దో వీరయ్య ఇష్టం. ఈ సెమ్మె సంగతి వీరయ్యను ఆడేవాడు కలలో కూడా అనుకుని ఉండడు. కథ ఒక్కడి తలలోంచి వస్తే అతనికి తెలిసిందే జరుగుతుంది. ఇద్దరి తలల్లోంచి వస్తే ఇద్దరికీ తెలియనిది జరుగుతుంది. ఆటలో మజా అంతా అక్కడే ఉంది. ‘కొట్టాడు’కూ ‘కొట్టబోయాడు’కూ మధ్య తేడాను తెలుగు ఒక్క సహాయక క్రియతో తేల్చేస్తుంది. ఎదుటివాళ్ల ఇష్టానికి చోటు వదలడమంటే ఆ ‘బోయాడు’ దగ్గర ఆగడమే.

అలాగని ఎదుటివాళ్ల ఇష్టం పేరు చెప్పి పర్యవసానాల నుంచి తప్పించుకోవచ్చా? ముష్‌లలో దీనిమీద తగాదాలకు లెక్కలేదు. నిండు కొలువులో రాజు చెంప ఛెళ్లుమనిపించి, ఖైదుకు మాత్రం నేను ఒప్పుకోనంటే మిగతావాళ్ల కథ ఏం కావాలి? పాత్ర చేసినదానికి పాత్ర అనుభవించాల్సిందేనని చాలా ఆటలు మొదట్లోనే రాసిపెట్టుకుంటాయి. సమ్మతి లేనిదే ఏ పాత్రకూ చావు కానీ అంగవైకల్యం కానీ రాకూడదనే ఆటలు కొన్ని. పాచికలే తీర్పరులు, ఇష్టం ఉన్నా లేకున్నా చావాల్సిందేననే ఆటలు కొన్ని. రెండూ తప్పు కాదు. ఏ గుమ్మంలోకి అడుగు పెడుతున్నామో ముందే తెలియాలి, అంతే. కఠినమైన రెండో రకంలో సైతం లైంగిక ఘట్టాలకు మాత్రం విడిగా అడిగి తీరాలనే నియమం తరచూ కనిపిస్తుంది.

టైమ్ ప్లీజ్!

ఇదంతా పరాయి సంగతిలా అనిపిస్తే మన చిన్నప్పటి వీధిలోకి వెళ్దాం. దొంగాపోలీసు ఆట జోరుగా సాగుతుంటే చెప్పు తెగుతుంది. ‘టైమ్ ప్లీజ్’ అని అరిస్తే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగాల్సిందే. ఆగని దొంగను తొండి అని వెలేసేవాళ్లం. ఎవరో తమ్ముణ్ని చంకనేసుకుని వస్తారు. వాడూ ఆడతానని ఏడుస్తాడు. సరే, ‘ఆటలో అరటిపండు’. పరిగెడతాడు, కేరింతలు కొడతాడు, కానీ వాణ్ని ఎవరూ ఔట్ చేయరు. ఎవరు ఏ మేరకు ఆటలో ఉన్నారో, ఎవరికి ఎంత దెబ్బ తగలొచ్చో ఆ వయసులోనే లెక్క తేల్చుకున్నాం. రూల్‌బుక్ ఎవరూ చదవలేదు.

అక్షరాల ఆటల్లో టైమ్ ప్లీజ్‌కు ఉన్న పేరు ఓఓసీ, అంటే అవుట్ ఆఫ్ క్యారెక్టర్. వేషం పక్కన పెట్టి మనిషిగా మాట్లాడటం. పాత్రగా మాట్లాడితే ఐసీ, అంటే ఇన్ క్యారెక్టర్. మల్లి గొంతు మీదికి కత్తి వస్తున్నప్పుడు ఆమెను ఆడే మనిషి పక్కన చిన్నగా ‘ఓఓసీ: ఈ గొడవ బాగుంది, కానీ ఇక్కడ రక్తం వద్దు’ అని రాయొచ్చు. వీరయ్య ఎంత క్రూరుడైనా, అతన్ని ఆడేవాడు ‘అలాగేనండీ’ అంటాడు. విలన్‌ను హాయిగా ఆడాలంటే ఈ కిటికీ తెరిచి ఉండటమే ఆధారం. దుర్యోధనుడి మీసం మెలేసిన నటుడే తెరవెనక తోటి నటుడికి టీ అందించడం నాటకాల వాళ్లకు తెలియనిది కాదు.

ఘట్టం మరీ ఇబ్బందిగా మారితే ‘ఫేడ్ టు బ్లాక్’. దీపం ఆర్పేసి, తెల్లారిందంటూ తర్వాతి రోజుకు పోవడం. పాత తెలుగు సినిమాల్లో రెండు పువ్వులు తలలు తాకించుకునేవే, ఆ పద్ధతే. ఏం జరిగిందో కథకు తెలుసు, ఎవరూ రాయక్కర్లేదు, ఎవరూ చదవక్కర్లేదు.

బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే రోల్‌ప్లే వాళ్లు దీనికి తమ పనిముట్లు చేర్చారు. 2003లో రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత ‘లైన్లు, వీల్స్’ అన్నాడు. లైను దాటి కథ అసలు వెళ్లదు. వీల్ అంటే మేలిముసుగు, కథలో ఉంటుంది కానీ తెర వెనకే జరుగుతుంది. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ ‘ఎక్స్ కార్డు’ తెచ్చాడు. బల్ల మీద ఒక కార్డు. ఎవరైనా దాన్ని తాకితే ఆ ఘట్టం ఆగాలి, ఎందుకని సంజాయిషీ అడగకూడదు. 2019లో మాంటీ కుక్ గేమ్స్ సంస్థ ఈ విషయం మీద ఉచితంగా ఒక చిన్న పుస్తకమే వేసింది. అందులో ఒక పట్టిక ఉంది. సాలెపురుగుల నుంచి చిత్రహింస దాకా ఒక్కో విషయానికీ ఎదురుగా పచ్చ, పసుపు, ఎరుపు. ట్రాఫిక్ సిగ్నల్ చదవగలిగినవాళ్లందరికీ అర్థమవుతుంది. సాలెపురుగుకు ఎరుపు పెట్టినవాళ్లను చూసి నవ్వకపోవడమే ఇందులో అసలు మర్యాద.

మొహమాటపు ‘సరే’

పనిముట్లున్నా పని జరగని చోట్లు ఉన్నాయి. మొదటిది మొహమాటం. భోజనాల దగ్గర ‘ఇంకొంచెం’ అంటే కడుపు నిండినా వద్దనలేని జాతి మనది. గుంపులో కొత్తగా చేరిన పిల్ల, ఏళ్లుగా అక్కడున్న సీనియర్ ‘ఈ సీన్ ఓకేనా’ అంటే ‘ఓకే’ అనేస్తుంది. వద్దంటే రేపటి నుంచి ఆడనివ్వరేమోనని భయం. అడిగామన్న లెక్క అతనికి సరిపోతుంది, ఇబ్బంది ఆమెకు మిగులుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ‘ఓకేనా’ అని ఊరుకోరు. ‘ఇలా వెళ్లొచ్చు, అలా వెళ్లొచ్చు, లేదా ఇక్కడే ముగించొచ్చు, నీకేది బాగుంది?’ అంటారు. కాదనడానికి దారి చూపించకుండా అడిగింది అడగడం కిందకు రాదు.

రెండోది పెత్తనం. ఆట నడిపేవాళ్లకు ఎవరికీ కనపడకుండా గదుల్లో తిరిగే శక్తి కొన్ని ముష్‌లలో ఉంటుంది. పాత్రలకు పదవులిచ్చేదీ వాళ్లే, ఫిర్యాదులు వినేదీ వాళ్లే. నియమాలు ముందు వాళ్లకు వర్తించకపోతే మిగతా ఊరికి అవి గోడ మీది రాతలే. ఇద్దరి మధ్య నడిచిన ఘట్టాన్ని చెప్పకుండా కాపీ చేసి నలుగురికీ పంచడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. అక్షరాల లోకంలో జరిగినదంతా అచ్చుగా మిగిలిపోతుంది కాబట్టి, ఆడటానికి ఒప్పుకోవడం వేరు, అది పదిమంది చదవడానికి ఒప్పుకోవడం వేరు.

మూడోది వయసు. ఇప్పుడు ఈ ఆటల్లో చాలావాటికి కేంద్రం డిస్కార్డ్. పదమూడేళ్లు నిండితే ఖాతా తెరవొచ్చు. మన ఇళ్లలో పదో తరగతి పిల్లలు ఫోన్లో దించిన తల ఎత్తకుండా గంటలు గంటలు టైప్ చేస్తున్నారంటే, అది చాటింగే కానక్కర్లేదు. ఏ మాంత్రిక పాఠశాలలోనో, ఏ యానిమే లోకంలోనో పాత్ర ఆడుతుండొచ్చు. అందులో తప్పేమీ లేదు. రోజూ పేజీలకు పేజీలు కథ అల్లుతున్నవాళ్లు ఈ తరంలో వీళ్లే. కానీ వేషం వెనక మనిషి వయసు వేషం చెప్పదు. మన దేశంలో పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. పెద్దల ఘట్టాలకు పిల్లలు ‘సరే’ అన్నా అది సమ్మతి కాదు. ఇక్కడ అడిగి తెలుసుకోవడానికేమీ లేదు, ఆగిపోవడమే. అవతలి మనిషి ఆగకపోతే మాటల కాపీలు దాచి జాతీయ సైబర్ నేరాల పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ‘ఫోను లాక్కుంటారు’ అన్న భయం లేకుండా ఇంట్లో చెప్పుకునే వీలు ఉందా అన్నది అంతకన్నా ముందు రావాల్సిన ప్రశ్న.

ఇప్పుడు కొత్తగా యంత్రాలూ వేషాలు కడుతున్నాయి. కృత్రిమ మేధ పాత్రలతో పిల్లలు కథలల్లుతున్నారు. వాటికి విసుగు లేదు, నొప్పి లేదు. ఏ దారి పట్టించినా చాలావరకు వెంట నడుస్తాయి. అలసిపోని తోడుతో అలవాటు పడ్డ చెయ్యి, రేపు అవతల నిజంగా మనిషి ఉన్నప్పుడు ‘బోయాడు’ దగ్గర ఆగుతుందా?

ఆగినప్పుడు ఆగడం

ఎదురెదురుగా ఉంటే ముఖం చూసి పోల్చుకుంటాం. కనుబొమ ముడిపడిందా, గొంతు తగ్గిందా, కుర్చీ వెనక్కి జరిగిందా అని. తెర మీద అవేవీ ఉండవు. ఒక వాక్యం రాశాక అటు నుంచి రెండు నిమిషాలు ఏమీ రాలేదంటే ఏమనుకోవాలి? నెట్ పోయిందా? పాలవాడు బెల్లు కొట్టాడా? మంచి జవాబు కోసం ఆలోచిస్తోందా? లేక చదివింది మింగుడుపడక బిగుసుకుపోయి కూర్చుందా? నాలుగింటికీ తెరమీద కనపడేది ఒకటే ఖాళీ. ఆ ఖాళీలో తనకు నచ్చింది రాసుకుని ముందుకు పోయేవాడు ఆ రాత్రి బంగిల్ నడిచిన దారికి మరీ దూరంలో లేడు.

మన ఇళ్లలో ఈ సమస్యను ముందే తేల్చేసినవాళ్లున్నారు. మంచం మీద చీకట్లో నాయనమ్మ కథ చెబుతుంది. మనవడి ముఖం ఆమెకు కనపడదు. అందుకే కథకు ముందే ఒక షరతు పెడుతుంది, ఊఁ కొట్టాలి. ‘అనగనగా ఒక రాజు’. ఊఁ. ‘ఆ రాజుకు ఏడుగురు కొడుకులు’. ఊఁ. కొడుకులు వేటకు వెళ్తారు, చేపలు తెస్తారు, ఒక చేప ఎండదు. ఊఁ, ఊఁ. ఆ ఊఁ ఒకసారి చెప్పి వదిలేసేది కాదు, వాక్యం వాక్యానికీ కావాలి. కథ ఎంత రసవత్తరంగా ఉన్నా, చెప్పడం ఆమెకు ఎంత ఇష్టమైనా, ఊఁ రాకపోతే ఆమె తర్వాతి వాక్యం చెప్పదు.

‘నిద్రపోయావుట్రా?’ అని అడుగుతుంది. జవాబు రాకపోతే దుప్పటి సరిచేసి, కథను అక్కడే, ఆ ఎండని చేప దగ్గరే ఆపేస్తుంది. రేపు రాత్రి వాడడిగితే అక్కణ్నుంచే మొదలుపెడుతుంది.